కానుక పళ్లెంల గునుగుపూలు

నిలబడనంటే నిలబడ, అయ్యగారూ. మీరు పాస్టరుగారు కాబట్టి ఇంత మర్యాదగ చెప్తున్న. ఆదివారం నాడు సంఘం ముందట మైకు పట్టుకొని, "నాది తప్పయింది, నన్ను క్షమించున్రి" అని నేను అన. ఇంకోసారి అడగకున్రి.

అరె, లేవకున్రి. రెండంతస్తులు ఎక్కి వచ్చి చాయ్ తాగకుండ పోతరా? గా కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది. ఇటు కూసోన్రి. జర గా పిండి జల్లెడ పక్కకు పెట్టున్రి. మీ సంఘం కోసమే జల్లిస్తున్న, నా ఇంటికి కాదు. రేపు మాపటికి స్త్రీల సమాజం మీటింగు, కారప్పూస నా వంతట. పోయిన నెల గుడ నా వంతే. అంతకు ముందటి నెల గుడ నా వంతే. వంతు అంటే ఏందో నాకు ఇంకా సమజ్ కాలే.

సరే, మీరు చెప్పింది గిదే కద. కోతపండుగ నాడు ప్రభు బల్ల మీద నేను బతుకమ్మను పెట్టిన. దేవుని ఇంట్లకు అన్యుల ఆచారం తెచ్చిన. ఈ ఆదివారం నేను క్షమాపణ అడగకుంటే, పై ఆదివారం బిషప్పుగారు వచ్చినప్పుడు మా హెప్సిబాకు కన్ఫర్మేషన్ ఇయ్యరు. తోటి పిల్లలందరు తెల్లబట్టలేసుకొని మోకాళ్ల మీదుంటే, ఆయన ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, నా బిడ్డ వెనక బెంచీల కూసొని చూడాలె. అంతే కద?

తల ఊపుతున్రు. మంచిది. మీ నోటితోని చెప్పనీకి మీకే మంచిగ అనిపిస్తలేనట్టుంది.

తెల్లచీరె కోఠిల తెచ్చిన, అయ్యగారూ. అది కట్టే మొదటి చీరె. జాకెట్ కుట్టుడు అయింది. రోజు బడి నుంచి వచ్చి గా చీరె భుజం మీద ఏసుకొని అద్దంల చూసుకుంటున్నది పోరి. కీర్తనలు కండ్లు మూసుకొని చెప్తది. విశ్వాస ప్రమాణం చెప్తది. పది ఆజ్ఞలు ముందటికెళ్లి చెప్తది, అడిగితే ఎనకకెళ్లి గుడ చెప్తది. గిప్పుడు దానికి నేనేమని చెప్పాలె? నీ అమ్మ పూలు తప్పు పెట్టింది బిడ్డా, నువ్వు వచ్చే ఏడాది దాక ఆగు, అనాల్నా?

మీరు బాపట్ల వైపు నుంచి జూన్ల బదిలీ అయి వచ్చిన్రు. లారీల సామాన్లు దిగిన నాడు మీ ఇంటికి బువ్వ ఎవరు తెచ్చిన్రు? అమ్మగారికి గ్యాసు సిలిండరు దొరకక పరేషాన్ అయితుంటే మా సిలిండరు రిక్షాల ఏసుకొని వచ్చింది ఎవరు? మాట దెప్పుతున్న అనుకోకున్రి. దెప్పుతనే ఉన్న, అనుకుంటే అనుకోన్రి.

వినాయక చవితి దాటినప్పటి నుంచి నా బతుకు ఎట్లున్నదో ఒక్కసారి ఇనున్రి. పొద్దుగాల నారాయణగూడల బడి. మూడో తరగతి పిల్లలు, రోజంతా అరిచీ అరిచీ గొంతు పోతది. బడి ఇడ్సినంక ఇంటికొస్తననుకున్నరా? సోమవారం కోయిర్ ప్రాక్టీసు. బుధవారం ఇంటింటి ప్రార్థన. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఉపవాసం అందరిది, అది ఇడ్సినంక అందరు తినే ఉప్మా నాది. శనివారం బాగ్ లింగంపల్లి బస్తీల పాలమూరు కూలి ఆడోళ్లకు అక్షరాలు చెప్పుడు. ఆదివారం సండే స్కూలు. నడుమ మిగిలిన రోజుల్ల మా అశోక్ నగర్ గల్లీల నల్లా సన్నగొస్తున్నదని ఆడోళ్లందరు దరఖాస్తు పెట్టాల్నంటే, రాసేది గుడ నేనే. ముందట నడిచేది గుడ నేనే.

మా ఆయన సంగతి మీకెరుకే. ఆర్టీసీ డ్రైవరు, బొంబాయి సర్వీసు. వచ్చిన పూట పండుకుంటడు, లేచిన పూట పోతడు. పాపం, ఆయనను అనేదేమున్నది.

అడిగేటోళ్లందరిది ఒకటే మాట. "సుగుణమ్మా, నువ్వైతే మంచిగ చేస్తవ్." నేనైతే. ఎప్పుడు నేనైతే. ఇంట్ల నీ బిడ్డ ఏం తిన్నది సుగుణమ్మా, అని ఇన్నేండ్లల్ల ఒక్కరన్న అడిగిన్రా? మీరడిగిన్రా?

ఏం తింటది? బడి నుంచి వచ్చి మెట్లెక్కుతది, తాళం చూస్తది, మళ్ల కిందికి దిగుతది. కింద అనసూయమ్మ ఉన్నది, మా ఇంటి ఓనరు. మీరు వచ్చేటప్పుడు వాకిట్ల చాటల బియ్యం చెరుగుతున్నదే, గామెనే. గామె ఇంట్ల ఏం ఉంటే అది తింటది నా బిడ్డ. గామె మంచం మీదనే కూసొని చదువుకుంటది.

అది పక్కకు పెట్టున్రి. కోతపండుగ ముచ్చటకొస్త.

బల్ల దగ్గర పూలు పెట్టుడు ఎవరి పని? సెక్రటరీ విజయదాసుగారి భార్యది. ఆమెనే కావాల్నని తీసుకున్నది. శుక్రవారం నాడు కబురొచ్చింది, ఆమె చెల్లె బిడ్డకు పెండ్లిచూపులని విజయవాడ పోతున్నదని. మరి పూలెట్ల అంటే, "సుగుణమ్మ చూసుకుంటది" అన్నరట. ఎవరన్నరు? మీరే అన్నరు అయ్యగారూ. గా మాట అన్నప్పుడు నేను అక్కడ లేను. ఉంటే గుడ ఒప్పుకునేదాన్నే, నాకెరుక, గదే నా రోగం.

శనివారం పొద్దంతా బస్తీల. మాపటికి చిక్కడపల్లి మార్కెట్ల కూరగాయలు. ఆదివారం ఇంకా తెల్లవారకముందే చర్చి వెనక వంటశాల్ల ఉన్న. సంఘమంతటికి భోజనాలు, బగార అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మీరు మొదటి పాట పాడుతుంటే నేను ఉల్లిగడ్డ కోస్తున్న. మీరు రెండో పాట పాడుతుంటే గుడ నేను ఉల్లిగడ్డనే కోస్తున్న. అన్నం గంజు దించి, చేతులు కడుక్కొని, పక్క తలుపుల నుంచి లోపలికొచ్చేసరికి మీరు ప్రసంగానికి లేస్తున్నరు.

అప్పుడు చూసిన. బల్ల మీద గుమ్మడికాయలు, చెరుకుగడలు, జొన్నకంకులు, నడుమల అది. చర్చి పెద్ద ఇత్తడి కానుక పళ్లెంల. అడుగున ఆకులు, దాని మీద బంతిపూల వరుస, దాని మీద గునుగుపూల వరుస, తెల్లవి కొన్ని, కొనలకు గులాబిరంగు అద్దినవి కొన్ని, మళ్ల బంతి, మళ్ల గునుగు, పైకి పోయినకొద్ది సన్నగ. గోడ పట్టుకొని నిలబడ్డ.

మీకు అదేందో తెలువలే. మీ వైపు గునుగు పేర్చరు, మీకెట్ల తెలుస్తది? మీరు పళ్లెం దిక్కు చెయ్యి చూపించి ప్రసంగం చెప్పిన్రు. యాదికున్నదా? "చూడండి ప్రియులారా, ఒక్క పువ్వు ఇంకొక పువ్వును నెట్టడం లేదు. ఒకదానినొకటి ఆనుకుని నిలబడ్డాయి. సంఘమంటే ఇలా ఉండాలి." మీ మాటలే అవి, నేను కల్పించి చెప్తలే. వెనక కూసున్న మా పాలమూరు ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్నరు. ఎగతాళికి కాదు, అయ్యగారూ. సంతోషం పట్టలేక. పట్నం వచ్చినప్పటి నుంచి మొదటిసారి చర్చిల వాళ్ల ఊరి పువ్వు కనబడ్డది.

ఆరాధన అయినంక మీరు, అమ్మగారు పళ్లెం పక్కన నిలబడి ఫోటో దిగిన్రు. దిగిన్రా లేదా? "సుగుణమ్మగారూ, మీ చేతిలో కళ ఉందండీ" అన్నరు. విజయదాసుగారు గుడ గుమ్మడికాయ చంకల పెట్టుకొని, "ఈసారి అలంకరణ బ్రహ్మాండం" అన్నడు. నేను నవ్విన. థాంక్స్ చెప్పిన.

అప్పుడొచ్చింది కురుమమ్మ. బస్తీల నా దగ్గర అక్షరాలు నేర్చుకునే ఆమె, బాప్తిస్మం తీసుకొని ఏడాది గుడ కాలే. గా పిచ్చి తల్లికి లోపలొక మాట బయటొక మాట తెల్వదు. పళ్లెం అంచును ముట్టి, చెయ్యి కండ్లకద్దుకొని, అందరికి ఇనబడేటట్టు అన్నది. "ఎంత మంచిగ పేర్చినవమ్మా బతుకమ్మను. అచ్చం మా ఊర్ల సద్దుల పండుగ నాటి లెక్కనే ఉన్నది."

విజయదాసుగారి చంకల గుమ్మడికాయ జారి కిందపడ్డది. అందరి మొకాలు మారినయి. మీ మొకం గుడ మారింది.

ఒకటి చెప్పున్రి నాకు. అప్పటిదాక సంఘం లెక్క కనబడ్డ పూలు, గా ఒక్క మాటతోని దయ్యాల పూలు ఎట్లయినయి? పువ్వు మారలే. పళ్లెం మారలే. పేరు తెలిసింది, అంతే.

మీ వైపు క్రిస్మస్‌కు వాకిట్ల ముగ్గెయ్యరా? విజయదాసుగారిది గుడ మీ వైపే కద, పోయినేడాది వాళ్ల ఇంటి ముందట నేను చూసిన. చుక్కలు పెట్టి, రంగులు నింపి, నడుమ నక్షత్రం ఏసి, ఎంత పెద్ద ముగ్గు. ఎవ్వరన్న క్షమాపణ అడిగిన్రా? మీ ముగ్గు దేవుని మహిమకు, మా పువ్వు దయ్యానికి. ఎక్కడి న్యాయం అయ్యగారూ ఇది?

ఏందీ? జర గట్టిగ చెప్పున్రి, కింద నల్లా సప్పుడు.

ఆ, గదొకటి ఉన్నది కద. దసరా సెలవులల్ల హెప్సిబా గల్లీల బతుకమ్మ చుట్టు తిరిగిందట. చప్పట్లు కొట్టిందట. సెక్రటరీగారి భార్య ఆటోల పోతుంటే చూసిందట. ఆటో ఆపి చూసిందా, పోతు పోతు చూసిందా? తిరిగింది. నేను కాదంటలేను. గల్లీల ఆడపిల్లలందరు కొత్తబట్టలు కట్టుకొని ఆడుతుంటే, అది ఒక్కతే కిటికీ చువ్వలు పట్టుకొని చూడాల్నా? నేను ఇంట్ల ఉంటే వద్దందును కావచ్చు. నేనెక్కడున్న? మీ కన్వెన్షన్ మీటింగులల్ల చాపలు పరుస్తున్న. నాలుగు మాపులు నేను చాపలు పరిచిన, అది బతుకమ్మ ఆడింది. చాపలు మంచిగ పరిచినవ్ సుగుణమ్మా అని మీరే మెచ్చుకున్నరు.

చాయ్ తాగున్రి, సల్లారుతున్నది. చక్కెర తక్కువైందా? ఇంకేం చెప్పాల్నని గట్ల చూస్తున్రు?

ఏమన్నరు? మళ్ల అనున్రి.

"తల్లి పిల్లకు మాదిరిగా ఉండాలి." అంతేనా? "నువ్వే తెలిసి తెలిసి అలా పేరిస్తే పిల్ల ఏం నేర్చుకుంటుంది." అంతేనా?

నేను పేర్చలే.

ఇన్నరు కద. నేను పేర్చలే. ఇన్ని రోజుల సంది నేనే చేసిన అని మీతోని అన్న, విజయదాసుగారితోని అన్న, అడిగినోళ్లందరితోని అన్న. అబద్ధం. నాకు బతుకమ్మ పేర్చుడు రాదు అయ్యగారూ. మాది మూడు తరాల సంది క్రైస్తవ కుటుంబం. మా నాయిన పాలమూర్ల మిషన్ కాంపౌండుల వాచ్‌మన్. పండుగ రోజులల్ల గేటుకు తాళమేసి మమ్ముల లోపల కూసోబెట్టేటోడు. గోడ అవతల పాట ఇనబడేది, అంతే. నా జన్మల నేను ఒక్క గునుగుపువ్వు ముట్టలే.

హెప్సి పేర్చింది. శనివారం పొద్దుగాల బస్తీకి పోతు పోతు, గుమ్మంల చెప్పులేసుకుంట, పళ్లెం దాని చేతుల పెట్టి, "బల్ల మీదికి పూలు పెట్టు బిడ్డా, నాకు టైం లేదు" అని చెప్పి పోయిన. ఎట్ల పెట్టాల్నో చెప్పలే. ఏం పూలో చెప్పలే. పండుగ అయిపోయింది కద, మార్కెట్ల మిగిలిన గునుగును పూలమ్మెటోళ్లు ఊకెనే ఇచ్చిన్రట. కింద అనసూయమ్మ అరుగు మీద కూసొని, పొద్దుమూకేదాక పేర్చి, రాత్రి గామె ఇంట్లనే పెట్టింది. ఆదివారం పొద్దున రిక్షాల ఒళ్ల పెట్టుకొని తెచ్చింది. ఒక్క పువ్వు రాలనియ్యలే.

పైన పసుపు గౌరమ్మను పెట్టలే, అది చూసిన్రా మీరు? అనసూయమ్మనే వద్దన్నదట. "మీ దేవుని దగ్గరికి పోతున్నది బిడ్డా, మీ దేవునిదే ఏమన్న పెట్టుకో" అన్నదట. మట్టల ఆదివారం నాడు చర్చిల ఇచ్చిన ఈతాకు సిలువ దాచుకున్నది పోరి, బైబిలు నడుమల. దాన్ని తీసి పైన గుచ్చింది. పూలల్ల సగం మునిగింది, అందుకే మీకెవ్వరికి కనబడలే. బతుకమ్మ కనబడ్డది, సిలువ కనబడలే.

గా రోజు మాపటికి ఇంటికొచ్చి అడిగిన. అడుగుడు ఏంది, చెయ్యి లేపిన. ఎవరు చెప్పిన్రే నీకు గట్ల పేర్చమని, నా ఇజ్జత్ తీసినవ్ కద, అన్న. అది ఏడువలే. ఏడ్చినా మంచిగుండు. నా మొకం చూసి మెల్లగ అన్నది. "నువ్వు పూలు పెట్టమన్నవ్ కద అమ్మా. నాకు పూలు పెట్టుడు గిదొక్కటే వచ్చు."

లేపిన చెయ్యి ఏం చెయ్యాల్నో నాకు తెల్వలే, అయ్యగారూ.

గిదొక్కటే వచ్చు అన్నది. నిజమే కద. ఇంకోటి ఎవరు నేర్పిన్రు? సెక్రటరీగారి మనుమలకు కీర్తనలు నేర్పింది నేను. మీ చిన్నోనికి దావీదు కథ చెప్పింది నేను. బస్తీల ఆడోళ్లకు సంతకం నేర్పింది నేను. నా బిడ్డ కీర్తనలు పుస్తకం చూసి దానంతటదే నేర్చుకున్నది. జడ అల్లుడు అనసూయమ్మ నేర్పింది. రొట్టె చేసుడు అనసూయమ్మ నేర్పింది. ఆడపిల్ల అమ్మకే ముందుగాల చెప్పే ముచ్చట ఒకటుంటది, మీకు బిడ్డలున్నరు, మీకు సమజైతది. గా ముచ్చట గుడ నా బిడ్డ ముందుగాల అనసూయమ్మకే చెప్పింది. నేను శుక్రవారం ప్రార్థన నుంచి వచ్చి, ఉప్మా గిన్నెలు కడిగి, ఇంట్లకొచ్చినంక నాకు తెలిసింది.

ఇప్పుడు మీరొచ్చి, తల్లి మాదిరి అంటున్రు. ఎక్కడిది తల్లి? తల్లిని మీరు వంటశాల్ల పెట్టుకున్నరు కద. మీకు కోపమొస్తే రానియ్యున్రి, నాకైతే మస్తు కోపమొస్తున్నది. మీ మీద వస్తున్నది, విజయదాసుగారి మీద వస్తున్నది, ఏ పని చెప్పినా సరే అనే నా నోటి మీద వస్తున్నది. అనసూయమ్మ మీద గుడ వస్తున్నది, ఆమె చేసిన తప్పేంది అంటే, నా బిడ్డకు బువ్వ పెట్టింది.

ఇప్పుడు మీకు తెలిసిపోయింది. పేర్చింది పిల్లనే అని పోయి కమిటీల చెప్తరో, మీ కడుపుల దాచుకుంటరో, మీ ఇష్టం. దాచుకోన్రి అని కాళ్లు పట్టుకుంట అనుకున్న, మీరు మెట్లెక్కుతుంటే. ఇప్పుడు పట్టుకోబుద్ధి అయితలేదు.

ఆగున్రి, పోదురు. ఇగో, ఇది వంటశాల తాళం. ఇది పాత్రల బీరువాది. ఇది సండే స్కూలు గదిది. పట్టుకోన్రి. పై ఆదివారం బిషప్పుగారి భోజనాలు గుడ నా మీదనే ఏసిన్రు కద, సుగుణమ్మ చూసుకుంటది అని. సుగుణమ్మ చూసుకోదు. వేరేటోళ్లకు చెప్పుకోన్రి. విజయదాసుగారి భార్య విజయవాడ నుంచి వచ్చే ఉంటది.

గా నాడు మీరు నా బిడ్డను తెల్లచీరెల పిల్లల వరుసల కూసోబెడితే, నేను దాని వెనక బెంచీల కూసుంట. కూసోబెట్టకుంటే ఇంట్ల దాని పక్కన కూసుంట. ఎట్లయినా ఉల్లిగడ్డ మాత్రం కొయ్య.

కారప్పూసనా? ఈ పిండి ఎట్లాగు జల్లించిన కద, చేస్త. కానీ రేపు మీటింగుకు తేను. నా బిడ్డ తింటది.

పదున్రి, నేను గుడ మీతోని కిందికి దిగుత. పొయ్యి ఆర్పి వస్త, జర నిలబడున్రి. హెప్సిని పిలవాలె. మీరు వచ్చేటప్పుడు అనసూయమ్మ పక్కన చాట పట్టుకొని ఉన్నది, చూసిన్రో లేదో. ఇయ్యాల బువ్వ నేను వండిన, పైకి రా బిడ్డా అని పిలుస్త.

వస్తదో రాదో. "నువ్వు పో అమ్మా, నేను ఇక్కడ తిని వస్త" అంటది కావచ్చు. రోజు గట్లనే అంటది.